ఏడాది దాటి నిలిచిన అలవాటు ఒక్కటి చెప్పండి: చెత్త, నీళ్ళు, కరెంటు, ఏదైనా సరే

కృష్ణలంక సుజాత (విజయవాడ)

నమస్తే అందరికీ. జూన్ 5, పర్యావరణ దినోత్సవం వచ్చిందంటే మనలో చాలామందిమి ఏదో ఒకటి మొదలుపెడతాం. దసరాకల్లా అది అటకెక్కుతుంది. నాకూ చాలాసార్లు అదే జరిగింది. అందుకే ఇక్కడ ఒక్కటే అడుగుతున్నాను. మీ ఇంట్లో కనీసం ఏడాది నిలిచిన అలవాటు ఏది? ఎందుకు నిలిచింది? మానేసినవి ఉంటే అవీ రాయండి. ఎక్కడ తెగిందో తెలిస్తే ఇంకొకరికి పనికొస్తుంది.

ముందు నాది చెప్తాను. మూడేళ్ళుగా మా ఇంటి తడి చెత్త గడప దాటలేదు, డబ్బాలో వేసి ఇంట్లోనే ఎరువు చేస్తున్నాం.

ఒకరోజు పొద్దున్నే పాల ప్యాకెట్ కోసం కిందికి దిగాను. చెత్త బండి మా గేటు ముందే ఆగి ఉంది. బండి మీద ఒకావిడ కూర్చుని కవర్లు చింపి, ఉత్త చేతులతో వేరు చేస్తోంది. నల్ల కవరొకటి చింపగానే సాంబారు ఆమె మోచేతి దాకా కారింది. అందులో మునక్కాడ పిప్పి, ముందురోజు మా బాబు పారేసిన రంగు పెన్సిల్ డబ్బా ఉన్నాయి. అది మా ఇంటి కవరే. ఆవిడ ఏమీ అనలేదు. కొంగుతో చెయ్యి తుడుచుకుని, అదే కవర్లోంచి నీళ్ళ సీసా తీసి పక్క గోతంలో వేసుకుంది.

ఆ రోజు సాయంత్రమే రెండో డబ్బా కొన్నాను. తర్వాత ఒక నెల తూచి చూశాను కూడా. మా నలుగురికి రోజుకి ఇంచుమించు కిలో తడి చెత్త వస్తోంది, పొడిది పావుకిలో కూడా లేదు. అంటే ఆ పావుకిలోని పాడు చేస్తున్నది ఈ కిలోనే. తడిది ఆపితే మిగతాదంతా శుభ్రంగా, అమ్ముకోగలిగేలా ఉంటుంది. ఇదొక్కటి అర్థమయ్యాక మానెయ్యాలని ఎప్పుడూ అనిపించలేదు.

హరిత, కూకట్‌పల్లి (హైదరాబాద్)

సుజాత గారూ, చదువుతుంటే ఒళ్ళు గగుర్పొడిచింది. నేను రెండుసార్లు మొదలుపెట్టి రెండుసార్లూ మానేశాను. మా బాల్కనీ మూడడుగుల వెడల్పు. మొదటిసారి వారానికే కంపు కొట్టింది, పక్క ఫ్లాట్ వాళ్ళు అసోసియేషన్ గ్రూప్‌లో పెట్టారు. రెండోసారి తెల్ల పురుగులు పడ్డాయి. మూత తీస్తే లుకలుకలాడుతున్నాయి. మా అత్తమ్మ ఆ రోజు అన్నం తినలేదు. డబ్బాతో సహా తీసుకెళ్ళి పడేశాను. చిన్న బాల్కనీలో అసలు అయ్యే పనేనా ఇది?

రమణ మాస్టారు (బొబ్బిలి)

అమ్మా హరితా, ఆమె వివరంగా చెప్తుంది గానీ ఈలోపు నాదొక మాట.

మా చిన్నప్పుడు చెత్తడబ్బా అన్న వస్తువు ఇంట్లో లేదు. వంటింటి వెనక కుడితి తొట్టి ఉండేది. బియ్యం కడిగిన నీళ్ళు, గంజి, కూరగాయల చెక్కు, పళ్ళ తొక్కలు అన్నీ అందులోకే. సాయంత్రం కాస్త తవుడు కలిపితే గేదె మూతి పెట్టి ఒక్క గుక్కలో లాగేసేది. పేడ, ఊడ్చిన దుమ్ము పెంటపోగుకి. వేసవిలో ఆ పెంట పొలానికి. ఆ వరసలో గేదె పోయింది, తొట్టి పోయింది, దాని స్థానంలో నల్ల కవరు వచ్చింది. సుజాత గారి డబ్బా ఆ తొట్టికి వారసురాలు. కొత్త పనేమీ కాదు.

ఊరు మొత్తం చెయ్యగలదా అంటే చెయ్యగలదు. సూర్యాపేట 2000ల మొదట్లో చెత్తకుండీలు లేని పట్టణంగా పేరు తెచ్చుకుంది. మా బొబ్బిలిలో మున్సిపాలిటీ వాళ్ళు తడి చెత్తతో వానపాముల ఎరువు చేసేచోటికి ఎక్కడెక్కడి నుంచో చూడ్డానికి వచ్చేవారు. నేను మా పిల్లల్ని రెండుసార్లు తీసుకెళ్ళాను. ఆ రెండు చోట్లా మూలం ఒక్కటే, ఇంటి దగ్గరే రెండు బుట్టలు.

ఇక నా అలవాటు. బియ్యం, పప్పు కడిగిన నీళ్ళు కరివేపాకు చెట్టుకి. నలభై ఏళ్ళు.

కృష్ణలంక సుజాత

హరిత గారూ, అవుతుంది. మీకు వచ్చిన రెండు ఇబ్బందులూ నాకూ వచ్చినవే.

కంపు వచ్చిందంటే తడి ఎక్కువైంది, లోపలికి గాలి ఆడటం లేదు. మనం చేసే తప్పు ఒకటే, ఎండు సరుకు వెయ్యకపోవడం. ఎంత తొక్కలు వేస్తే కొలతకి అంతకంటే కాస్త ఎక్కువే ఎండాకులు పడాలి. ఎండాకులు దొరక్కపోతే కోకోపీట్ (కొబ్బరి పొట్టు), చింపిన కోడిగుడ్ల అట్టలు, రంగు లేని అట్టపెట్టె ముక్కలు. న్యూస్‌పేపర్ కూడా ఫరవాలేదు గానీ ముద్ద కడుతుంది.

నేను వాడేది ఇరవై లీటర్ల పెయింట్ డబ్బాలు రెండు. పక్కలకీ అడుగుకీ వేడి చేసిన ఇనుప చువ్వతో బెజ్జాలు పెట్టించాను. అడుగున కొబ్బరి పీచు, దానిమీద ఎండాకులు, ఆపైన రోజూ వచ్చే తొక్కలు, మళ్ళీ ఆకులు. పైన ఎప్పుడూ ఆకులే కనపడాలి, తొక్క కనపడకూడదు. మొదట్లో ఒక గ్లాసు పుల్ల మజ్జిగ చల్లండి, కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు త్వరగా పుంజుకుంటాయి. రెండు మూడు రోజులకోసారి కర్రతో కిందామీదా చెయ్యాలి. మన ఎండలకి రెండు నెలలు, చలికాలం ఇంకొంచెం.

తడి సరిపోయిందో లేదో చూడటానికి గుప్పెడు తీసి పిండండి. చెయ్యి తడవాలి, నీళ్ళు కారకూడదు. కారితే ఆకులు వెయ్యండి. చీమలు పడితే మరీ ఎండిపోయిందని గుర్తు, నాలుగు చెంచాల నీళ్ళు చల్లండి.

నల్లటి పెద్ద ఈగ ఒకటుంటుంది, ఆ పురుగులు చాలావరకు దాని పిల్లలే అయ్యుంటాయి. మన ఇంటి ఈగ కాదు, రోగాలు మొయ్యదు. నిజానికి అవి ఉంటే ఎరువు ఇంకా త్వరగా అవుతుంది. చూడలేకపోతే రెండు గుప్పెళ్ళ ఎండాకులు వేసి మూత పెట్టండి, తడి తగ్గేకొద్దీ తగ్గిపోతాయి.

మాంసం, చేప, నూనె తేలే కూరలు మొదటి ఆరు నెలలు వద్దు. నిమ్మతొక్కలు, మామిడి టెంకలు త్వరగా కరగవు, వాటిని విడిగా పెట్టుకోండి.

ఇంకొకటి, ఇది ముఖ్యం. జనవరి, ఫిబ్రవరిల్లో మన వీధుల్లో ఎండాకులు ఊడ్చి తగలబెడతారు. ఆ రోజుల్లో నాలుగు గోతాల ఆకులు నింపి మెట్ల కింద పెట్టుకుంటే ఏడాదికి సరిపోతుంది. పొగా తప్పుతుంది. నా అలవాటు మూడేళ్ళు నిలవడానికి కారణం ఆ నాలుగు గోతాలే. ఆకులు అయిపోయిన వారం మాత్రం నేనూ బద్ధకించాను.

నల్లరేగడి (ప్రత్తిపాడు వైపు, గుంటూరు జిల్లా)

మాస్టారు పెంటపోగు మాట ఎత్తారు కాబట్టి రాస్తున్నా. ఇప్పుడు ఊళ్ళో పెంటపోగుల్లోకి కూడా కవర్లు వచ్చేశాయి. పోయిన ఏడాది మిరప చేనుకి నాలుగు ట్రాక్టర్ల ఎరువు కొని తోలించాను. చల్లాక చూస్తే షాంపూ ప్యాకెట్లు, గుట్కా రేకులు, పాల కవర్లు, డైపర్లు. గొర్రు తోలుతుంటే ప్రతి పది బారలకీ ఆపి పళ్ళకి చుట్టుకున్న కవర్లు లాగాల్సి వచ్చింది. నా భార్యా నేనూ రెండు రోజులు ఏరాం. మట్టిలో దిగబడిపోయినవి ఇప్పటికీ దున్నినప్పుడల్లా పైకి తేలతాయి.

బర్రెల సంగతి ఇంకా ఘోరం. కూర వాసన తగిలితే కవరుతో సహా తింటుంది. అన్నం మెతుకులు కవర్లో మూటగట్టి వీధిలో వేసేవాళ్ళు ఒక్కసారి ఆలోచించండి. మూటగట్టకుండా విడిగా వేసినా దానికి మేలే.

మేమూ కూరగాయలకి మల్చింగ్ షీట్ (కలుపు రాకుండా మట్టి మీద పరిచేది) వేస్తాం, అదీ ప్లాస్టిక్కే. పంట తీశాక చిరుగులు లేకుండా చుట్టి తియ్యడం ఎంత కష్టమో చేసినవాళ్ళకే తెలుసు. ఈ ఏడాది సగం చేనుకి షీట్ బదులు వరిగడ్డి పరిచాను. ఏడాది కాలేదు కాబట్టి అలవాటు అని చెప్పను. అయ్యాక వచ్చి రాస్తాను.

ఖని బిడ్డ (గోదావరిఖని, ఇప్పుడు హైదరాబాద్)

నాది కరెంటు. అందరూ బిల్లు కోసం ఆపుతారు, నేను ఆపేది వేరే కారణానికి.

మా ఇల్లు ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనికి దగ్గర. మధ్యాహ్నం బ్లాస్టింగ్ అయితే వంటింట్లో గిన్నెలు కదిలేవి. ఆరేసిన తెల్ల చొక్కా సాయంత్రానికి బూడిద రంగు. అమ్మ రోజుకి మూడుసార్లు ఇల్లు ఊడ్చేది, మూడుసార్లూ చేటలోకి నల్ల దుమ్మే వచ్చేది. నాన్న సింగరేణిలోనే చేశాడు. మేం తిన్న అన్నం ఆ బొగ్గుదే, దాన్ని తిట్టను. కానీ హైదరాబాద్‌లో ఎవరూ లేని గదిలో ఫ్యాన్ తిరుగుతుంటే నాకు అమ్మ చేట గుర్తొస్తుంది.

మన దగ్గర బొగ్గు కరెంటు ఒక యూనిట్ కావాలంటే సుమారు 600 నుంచి 700 గ్రాముల బొగ్గు కాలాలి. ఇప్పుడు లెక్క చూడండి. పాత సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు. తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్లు. రోజుకి 12 గంటలు తిరిగితే తేడా అర యూనిట్ పైనే, నెలకి 16 యూనిట్లు. అంటే ఒక్క ఫ్యాన్ మార్చితే నెలకి పది కిలోల బొగ్గు భూమిలోనే ఉంటుంది. మా ఇంట్లో మూడు ఫ్యాన్లు రెండేళ్ళలో ఒక్కొక్కటిగా మార్చాం, ఒకేసారి డబ్బు పెట్టలేక.

సెట్‌టాప్ బాక్స్ సంగతి చాలామందికి తెలియదు. రిమోట్‌తో ఆపినా అది పది వాట్ల దాకా లాగుతూనే ఉంటుంది, రాత్రింబవళ్ళు. గోడ దగ్గర స్విచ్ ఆపాలి. నేను టీవీకి, బాక్స్‌కి కలిపి ఒకే స్విచ్ బోర్డ్ పెట్టి చెయ్యి అందే ఎత్తులో బిగించాను. వంగాల్సిన పని ఉన్నంతకాలం ఇంట్లో ఎవరూ ఆపలేదు. ఎత్తులోకి తెచ్చాక మా చిన్నది కూడా ఆపుతోంది.

ఏసీ అయితే 26 పెట్టి ఫ్యాన్ చిన్నగా తిప్పండి. ఒక్క డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు మిగులుతుందని కరెంటు పొదుపు చూసే కేంద్ర సంస్థ బీఈఈ చెప్పే లెక్క. 2020 జనవరి నుంచి కొత్త ఏసీలు ఆన్ చెయ్యగానే 24 దగ్గర మొదలయ్యేలా రూల్ పెట్టింది అందుకే.

లెక్కల మనిషి (బెంగళూరు)

అందరికీ గౌరవంతోనే ఒక ప్రశ్న. నేను ఇవన్నీ రెండేళ్ళు చేశాను. తర్వాత ఒకరోజు సూపర్ మార్కెట్లో నిలబడి చూస్తే ఒలిచిన దానిమ్మ గింజలు ప్లాస్టిక్ డబ్బాలో, దానిమీద ఇంకో ఫిల్మ్. నేను ఏడాదంతా ఆదా చేసిన ప్లాస్టిక్ ఆ ఒక్క అరలో ఉంది. తయారుచేసేవాళ్ళని వదిలేసి, ఇంట్లో తొక్కలు లెక్కపెట్టుకుంటే బాధ్యత మొత్తం మన నెత్తినే వేసుకున్నట్టు కాదా? నాకు నిజంగానే నిరుత్సాహం వచ్చి ఆపేశాను.

వాల్తేరు అల (విశాఖపట్నం)

మీ బాధ నాకు తెలుసు తమ్ముడూ. నేను ఆరేళ్ళుగా ఆదివారాలు బీచ్‌లో ఏరుతున్నాను. సోమవారం సాయంత్రానికి మళ్ళీ అంతే ఉంటుంది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొస్తాయి. ఆ నెలల్లో ఒక గంట ముందే వెళ్తాం, దారి ఖాళీ చెయ్యాలని. వల ముక్క మెడకి బిగుసుకుని చచ్చిన తాబేలుని మొదటిసారి చూసినప్పుడు నేనూ ఇంటికొచ్చి ఎవరితోనూ మాట్లాడలేదు.

కానీ కంపెనీలా, మనమా అని విడదీసి చూడకండి. 2022లో కేంద్రం రూల్ తెచ్చింది. ప్యాకింగ్ ప్లాస్టిక్ మార్కెట్లోకి వదిలే కంపెనీలు దాన్ని తిరిగి సేకరించి రీసైకిల్ చేయించే బాధ్యత తీసుకోవాలి. మంచిదే. అయితే ఆ ప్లాస్టిక్ వాళ్ళ చేతికి వెళ్ళాలంటే సాంబారు అంటకుండా ఉండాలి కదా. సుజాత గారు చెప్పిన ఆ పావుకిలో శుభ్రంగా ఉంటేనే ఆ రూల్ పనిచేస్తుంది. మన బుట్ట పాడైతే కంపెనీని నిలదీసే వీలు కూడా మనకి ఉండదు.

బీచ్‌లో మాకు ఎక్కువగా దొరికేవి సాచెట్లు, చిప్స్ ప్యాకెట్లు. లోపల వెండిలా మెరిసేది చూశారా, అది ప్లాస్టిక్‌కి అంటించిన అల్యూమినియం పొర. రెండూ విడదియ్యలేరు కాబట్టి పాత సామాన్లవాళ్ళు కొనరు. చాలావరకు సిమెంటు ఫ్యాక్టరీ కొలిమికి పోవాలి, లేదా సముద్రానికి. సీసాలు, డబ్బాలు మాత్రం మేం రాకముందే ఎవరో ఏరుకుపోతారు, వాటికి ధర ఉంది కాబట్టి. అందుకే మా ఇంట్లో సాచెట్ మానేశాం. షాంపూ పెద్ద సీసా కొంటాం, నెలకి రెండుసార్లు మాత్రం కుంకుడుకాయ రసం. ఆరేళ్ళలో నిలిచింది ఇదొక్కటే.

పద్మ (ఖమ్మం)

ఇక్కడిదాకా ఓపిగ్గా చదివాను. ఒక మాట ఎవరూ అనలేదు కాబట్టి అంటున్నాను.

ఈ పనులన్నీ ఎవరు చేస్తున్నారు? కంపోస్టు తిప్పేది, గుడ్డసంచి ఉతికేది, కుంకుళ్ళు కొట్టేది, స్టీలు గ్లాసులు తోమేది ఎవరు? మా ఇంట్లో ఉత్సాహం ఆయనది, పని నాది. మా అమ్మాయి పుట్టినరోజుకి పేపర్ ప్లేట్లు వద్దు, స్టీలు ప్లేట్లు పెడదాం అన్నారు. నలభై మంది వచ్చారు. రాత్రి పదకొండింటికి నేనూ మా పనమ్మాయీ నూట ఇరవై గిన్నెలు తోమాం. ఆమెకి ఆ రోజు జ్వరం. భూమికి మంచి చేశామని లోపల వాళ్ళు మాట్లాడుకుంటున్నారు. నేను ఆమెని ఆటో ఎక్కించి డబ్బులిచ్చి పంపాను, కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అప్పటి నుంచి మా ఇంట్లో ఒక పద్ధతి పెట్టాను. కొత్త అలవాటు ఎవరు తెస్తే, మొదటి రెండు నెలలు దాని పని కూడా వాళ్ళదే. ఆయన ఇప్పటికి మూడు తెచ్చారు. రెండు ఆయనే వెనక్కి తీసుకున్నారు. ఒకటి నిలిచింది. చేపల మార్కెట్‌కి స్టీలు డబ్బా, కూరల బజారుకి మూడు గుడ్డసంచులు, రెండూ ఆయనే తీసుకెళ్తారు, ఆయనే కడిగి ఆరేస్తారు. రెండున్నరేళ్ళయింది.

కృష్ణలంక సుజాత

పద్మగారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మా ఇంట్లో డబ్బా తిప్పే పని మావారిది అని మొదటి పోస్టులో రాయాల్సింది, రాయలేదు. అది లేకపోతే మూడేళ్ళు గడిచేది కాదు.

లెక్కల మనిషి

@వాల్తేరు అల, ఆ పావుకిలో మాట నేను ఆలోచించలేదు అన్నా. మళ్ళీ రెండు బుట్టలు పెడతాను. దానిమ్మ గింజల డబ్బా విషయం మాత్రం ఆ కంపెనీకి మెయిల్ రాస్తాను, ఊరుకోను.

ఎడిసన్ తెలుగు (న్యూజెర్సీ)

ఇక్కడి అనుభవం ఒకటి. మా న్యూజెర్సీలో 2022 మే 4 నుంచి కొట్లలో ప్లాస్టిక్ సంచులు ఇవ్వడం మానేశారు. పెద్ద గ్రోసరీ కొట్లలో కాగితపు సంచులు కూడా ఇవ్వరు. మొదటి నెల అందరం సంచి మర్చిపోయి సరుకులు చేతుల్లో మోసుకుంటూ కారు దాకా వెళ్ళాం. మూడో నెలకి అందరికీ అలవాటైంది. రూల్ మారితే ఎంత త్వరగా మారతామో కళ్ళారా చూశాను.

కానీ ఇంకో చిక్కు వచ్చింది. ఆన్‌లైన్‌లో సరుకులు తెప్పిస్తే ప్రతిసారీ కొత్త మందపాటి సంచిలో పెట్టి ఇచ్చేవాళ్ళు. ఏడాదిలో మా గ్యారేజీలో డెబ్భై సంచులు పోగయ్యాయి. పల్చటి కవరు కంటే ఆ సంచిలో ప్లాస్టిక్ ఎన్నో రెట్లు. పదుల సార్లు వాడితేనే దాన్ని తయారుచేసినందుకు ఫలితం. అప్పటి నుంచి మళ్ళీ కొట్టుకే వెళ్తున్నాం, కారు డిక్కీలో ఎప్పుడూ ఆరు సంచులు. సరుకులు లోపల పెట్టగానే ఖాళీ సంచులు తలుపు గొళ్ళేనికి తగిలిస్తాం, మళ్ళీ బయటికి వెళ్ళేవాళ్ళు డిక్కీలో వెయ్యాలి.

బట్టల డ్రయ్యర్ కూడా సగం మానేశాం. మా కమ్యూనిటీలో బయట తీగ కట్టకూడదని రూల్, అందుకే బేస్‌మెంట్‌లో ఆరేస్తున్నాం. అమ్మ వచ్చినప్పుడు మంచులో కూడా ఎండ కోసం కిటికీ దగ్గర దండెం కట్టించింది.

గోవిందరాజ వీధి (తిరుపతి)

నేను డిగ్రీ చదువుతున్నాను. కాలేజీ బయట టీ బంకులో రోజుకి రెండు టీలు తాగుతాను. పేపర్ కప్పు కాగితమే కదా అనుకునేవాణ్ణి. దాని లోపల నీళ్ళు ఇంకకుండా పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. వేడి టీ పావుగంట ఉంటే ఆ పొర నుంచి వేలల్లో సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు టీలోకి వస్తాయని ఐఐటీ ఖరగ్‌పూర్ వాళ్ళు 2020లో తేల్చారు. అప్పటి నుంచి బ్యాగులో ఒక చిన్న స్టీలు గ్లాసు. మొదట బంకు అన్న కొలత సరిపోదని ఒప్పుకోలేదు. తన కప్పుతో ఒకసారి కొలిచి నా గ్లాసు మీద మేకుతో గీత గీశాడు. ఇప్పుడు నన్ను చూడగానే గ్లాసు కోసం చెయ్యి చాపుతాడు. పద్నాలుగు నెలలైంది.

మా పైన తిరుమలలో ప్లాస్టిక్ నీళ్ళ సీసాలు అమ్మరు, గాజు సీసాలే. అన్ని వేలమంది రోజూ వచ్చే చోట అది జరుగుతోంది. మా కాలేజీ క్యాంటీన్‌లో ఎందుకు జరగదని ప్రిన్సిపాల్‌గారికి అర్జీ పెట్టాం. ఇంకా జవాబు రాలేదు.

హరిత, కూకట్‌పల్లి

ఒక సందేహం. ఆర్వో ఫిల్టర్ నుంచి వచ్చే వృథా నీళ్ళు మొక్కలకి పోస్తున్నాను, మొక్కలు చచ్చిపోతున్నాయి. ఎందుకు?

ఖని బిడ్డ

ఆ నీళ్ళల్లో ఉప్పులన్నీ చిక్కబడి ఉంటాయి హరితక్కా. మొక్కకి వద్దు. ఇల్లు తుడవడానికి, బాత్రూమ్‌లో పొయ్యడానికి వాడు. ఇంకో మాట. చాలా ఆర్వోలు లీటరు మంచినీళ్ళకి రెండు మూడు లీటర్లు పారబోస్తాయి. ముందు నీ నీళ్ళ టీడీఎస్ (నీళ్ళల్లో కరిగి ఉన్న ఉప్పుల లెక్క) చూడు, మీటర్ చవకే. మా ఇంటికి మంజీరా నీళ్ళొస్తాయి, చూస్తే 300 లోపే ఉంది. 500 లోపు ఉన్నచోట ఆర్వో అక్కర్లేదని జాతీయ హరిత ట్రిబ్యునల్ (పర్యావరణ కేసులు చూసేది) కూడా 2019లో చెప్పింది. మేం తీసేసి యూవీ ఫిల్టర్ పెట్టుకున్నాం. బోరు నీళ్ళయితే మాత్రం తొందరపడకు.

నీలి కొంగు (వరంగల్)

ఇది ఆడవాళ్ళ కోసం, మగవాళ్ళూ చదవండి. నాలుగేళ్ళుగా నెలసరికి ప్యాడ్ బదులు మెన్‌స్ట్రువల్ కప్పు వాడుతున్నాను. మెడికల్ సిలికాన్‌తో చేస్తారు, సరిగ్గా ఉడకబెట్టి వాడుకుంటే ఒక కప్పు ఏళ్ళపాటు వస్తుంది. అలవాటు కావడానికి నాకు మూడు నెలలు పట్టింది, మొదటి నెల చాలా టెన్షన్ పడ్డాను. అందరికీ కుదరకపోవచ్చు, మా అక్కకి కుదరలేదు, తను గుడ్డ ప్యాడ్లు వాడుతోంది.

మామూలు ప్యాడ్లే వాడేవాళ్ళకి ఒక్క విన్నపం. కాగితంలో చుట్టి పైన ఎర్ర పెన్నుతో పెద్ద చుక్క పెట్టండి. పుణేలో చెత్త ఏరేవాళ్ళ సహకార సంఘం తెచ్చిన పద్ధతి ఇది. ఆ చుక్క చూస్తే బండి మీద ఉన్న ఆమె దాన్ని విప్పకుండా పక్కన పెడుతుంది. సుజాత గారు రాసిన ఆవిడ సాంబారు తుడుచుకుంది. రోజూ ఆ చేతుల్లోకి ఇంకేం వస్తాయో మనకి తెలుసు.

రమణ మాస్టారు

పద్మ తల్లీ, నీ గిన్నెల రాత్రి గురించే ఆలోచిస్తున్నాను. పోయిన మాఘంలో మా మనవరాలి ఓణీల ఫంక్షన్‌కి రెండు వందల మంది. సిద్దిపేట వైపు ఊళ్ళల్లో స్టీల్ బ్యాంకులు పెట్టారు, అక్కడ గిన్నెలు దొరుకుతాయి గానీ తోమే చేతులు కావాలి. మేం అడ్డాకు విస్తళ్ళు తెప్పించాం. సీతంపేట ఏజెన్సీలో గిరిజన ఆడవాళ్ళు సన్నటి పుల్లలతో కుడతారు. అన్నవరం ప్రసాదం తిన్నవాళ్ళకి ఆ ఆకు వాసన తెలుసు.

క్యాటరింగ్ అతను ఒప్పుకోలేదు, బఫేలో ఆకు చేత్తో పట్టుకుంటే వంగిపోతుందని. నిజమే, వంగిపోతుంది. అందుకని బల్లలు వేసి బంతి భోజనాలు పెట్టాం. ఆకుల ఖర్చు ప్లేట్ల కంటే కాస్త ఎక్కువే అయింది. కూర్చోబెట్టి వడ్డిస్తే అన్నం పారెయ్యడం మాత్రం బాగా తగ్గింది, కావాల్సినంతే అడిగి వేయించుకుంటారు కదా. విస్తళ్ళన్నీ పెరట్లో గొయ్యి తీసి పేడనీళ్ళు చల్లి కప్పాం. మొన్న తవ్వి చూస్తే పుల్లలు మిగిలాయి, ఆకు లేదు.

హరిత, కూకట్‌పల్లి

పదకొండు వారాల తర్వాత వచ్చాను. మూడోసారి మొదలుపెట్టాను. రెండు పెయింట్ డబ్బాలు, ఈసారి ఆకులు ముందే తెచ్చుకున్నాను. మా కాలనీ పార్కులో ఊడ్చే ఆయనకి చెప్తే తగలబెట్టకుండా రెండు గోతాలు నింపి ఉంచాడు. కంపు రాలేదు. పురుగులు నాలుగో వారం వచ్చాయి, ఆకులు వేసి మూత పెట్టి పదిరోజులు అటు చూడలేదు. పోయాయి. పద్మక్క పద్ధతి మా ఇంట్లోనూ పెట్టాను. మొదటి రెండు నెలలు నేనే తిప్పాను, ఇప్పుడు మా అత్తమ్మ తనంతట తానే సాయంత్రం మూత తీసి చూస్తోంది.

మొదటి డబ్బా నల్లగా అయింది. చేతిలోకి తీసుకుంటే పొడిపొడిగా, తొలకరి వాన పడ్డప్పటి వాసన. కానీ అక్కడక్కడా కోడిగుడ్డు పెంకులు, మొక్కజొన్న బెండు, దానిమ్మ తొక్క ఇంకా కనిపిస్తున్నాయి. ఇలాగే కుండీల్లో వెయ్యొచ్చా?

కృష్ణలంక సుజాత

ఆగండి. ఇసుక జల్లించే జల్లెడ ఒకటి తీసుకుని పట్టండి. కింద పడిందంతా తయారైనట్టే, ఒక పాలు ఎరువుకి రెండు పాళ్ళు మట్టి కలిపి కుండీల్లో వేసుకోండి. జల్లెడలో మిగిలిన బెండ్లూ తొక్కలూ రెండో డబ్బా అడుగున వెయ్యండి, పాత ఎరువు అంటుకుని ఉంటుంది కాబట్టి ఈసారి మజ్జిగ కూడా అక్కర్లేదు. పెంకులు చేత్తో నలిపి వెయ్యండి. పార్కులో ఊడ్చే ఆయనకి కూడా ఒక కవరు, కాదు, ఒక గిన్నెడు ఎరువు ఇవ్వండి.